కాశీలో వదిలిన పుట్టిల్లు

ఇది జరిగినప్పుడు నాకు అక్షరం రాదు. పక్క వాటాలోకి అద్దెకొచ్చిన టీచరమ్మ పలకా బలపం నా చేతికిచ్చేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. అంతకుముందు ఇది కాగితం మీద పెట్టాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. అత్తగారి సంగతి ఎవరికి చెప్పి రాయించను?

డెబ్బైల్లో మాట. మా వారు, అత్తగారు, నేను పామర్రు నుంచి కాశీయాత్రకు వెళ్ళాం. ఇరవై రోజుల పైనే తిరిగాం. కాశీ వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి. ఇక ఈ జన్మలో దాని జోలికి పోకూడదు. మాతో వచ్చిన ఆడవాళ్ళంతా తెలివిగా కాకరకాయ, చేమదుంప వదిలారు. నా వంతు వచ్చేసరికి పొట్లకాయ అన్నాను.

“పొట్లకాయ నువ్వెప్పుడు తిన్నావే, వదలడానికి?” అంది అత్తగారు. “నీ ప్రాణం ఎక్కడుందో నాకు తెలీదూ? నెల తిరక్కుండా పుట్టింటికి బస్సెక్కుతావు. అది వదులు, చూద్దాం.”

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వుతూనే అంది. పంతులుగారు నా అరచేతిలో నీళ్ళు పోసి చూస్తున్నారు. వెనక జనం తోస్తున్నారు. “పుట్టిల్లు వదిలేశాను” అని నీళ్ళు గంగలో విడిచాను. ఎవరూ నా నోరు పట్టి అనిపించలేదు. తొందరలో, సిగ్గులో నేనే అన్నాను.

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కాను. మాట తప్పితే నాకేమైనా ఫరవాలేదు, అమ్మకేమైనా అవుతుందేమోనని భయం. అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి నాతో ఎంతో మెత్తగా ఉంది. “మనమంతా కాయలూ దుంపలూ వదిలాం. నిజంగా వదిలింది నా కోడలే” అని రైల్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. పూరీ పొట్లాం ముందు నాకే ఇచ్చింది. ఆవిడ మెచ్చుకున్నకొద్దీ, “పొరపాటున అన్నాను అత్తయ్యా” అనడం నాకు మరింత కష్టమైంది.

బెజవాడలో రైలు దిగి బందరు బస్సెక్కాం. అత్తగారు కిటికీ పక్కన, మా వారు ఇటు చివర, మధ్యలో నేను. కాళ్ళ కింద ట్రంకు పెట్టె, ఒళ్ళో సంచి. కదిలే చోటు లేదు. కంకిపాడు వచ్చింది, ఉయ్యూరు వచ్చింది. ఎప్పుడూ ఇంకా రాలేదేమని విసుక్కునే దారి, ఆ రోజు ఎంత తొందరగా గడిచిపోయిందో.

ఉయ్యూరు దాటాక కాలవ వంతెన దగ్గర మా పుట్టింటి ఊరి స్టాపు. మేం తిరిగొచ్చే రోజు అమ్మకు ముందే చెప్పి వెళ్ళాను. పొద్దుటి నుంచీ వచ్చిన ప్రతి బస్సూ చూస్తోందట. కిటికీ కిందకు పరుగెత్తుకొచ్చింది.

“వచ్చారా వదినగారూ! అమ్మాయిని దింపండి. రెండ్రోజులు ఉంచుకుని పంపిస్తాను. ఎంత చిక్కిపోయిందో చూడండి.”

“అది కాశీలో పుట్టిల్లు వదిలేసిందండీ” అంది అత్తగారు, శుభవార్త చెప్పినట్టు.

అమ్మ నవ్వేసింది. “బాగుంది వేళాకోళం. అక్కడ కాకరకాయలు అయిపోయాయేమిటి?”

ఎవరూ నవ్వలేదు. అమ్మ నా వైపు చూసింది.

“నిజమేనటే?”

తలూపాను. నేను లేవాలంటే మా వారు కాళ్ళు పక్కకు జరపాలి. ఆయన టిక్కెట్ల వంక చూస్తూ కూర్చున్నారు. కండక్టరు రైట్ అన్నాడు. అమ్మ కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు బస్సుతో నడిచి, ఆగిపోయింది.

ఇంటికి చేరగానే ఇరుగుపొరుగు వచ్చారు. కాశీ నుంచి వచ్చినవాళ్ళమని నా కాళ్ళకు కూడా దణ్ణం పెట్టారు. పెద్దవాళ్ళు వంగుతుంటే నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

మర్నాడు పొద్దున అత్తగారు గంగ చెంబులు పంచడానికి వరసగా పెట్టి, ఒకటి నా చేతికిచ్చింది. “మీ అమ్మకు కండక్టరు చేత పంపు. నువ్వు వెళ్ళకూడదు గానీ, గంగ వెళ్ళడానికేం?”

రోడ్డు మీదకెళ్ళి బెజవాడ బస్సు ఆపాను. ఏ స్టాపులో, ఎవరికివ్వాలో కండక్టరుకు చెప్పాను. అతను మెట్టు మీద నుంచి చెయ్యి చాపాడు. నేను చెంబు ఇవ్వకుండా నిలబడ్డాను.

“ఇస్తారా, ఎక్కుతారా? టైమైపోతోందమ్మా.”

ఎక్కాను.