తెర అంచున మామగారు

అల్లుడి ఉద్యోగం ఏమిటో ఎవరికీ ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. థియేటర్లో సినిమా వెడల్పుగా ఉంటుంది, ఇంట్లో టీవీ చదరంగా ఉంటుంది. బొమ్మను ఉన్నదున్నట్టు పెడితే పైనా కిందా నల్లపట్టీలొస్తాయి. అవి చూస్తే జనానికి ఒళ్లు మంట. అందుకని ప్రతి షాట్‌లో పక్కలు తీసేసి, టీవీ నిండేలా చేసి వీడియో క్యాసెట్లకు పంపేవాడు. మాట్లాడేవాణ్ణి ఉంచాలి, వినేవాణ్ణి తియ్యాలి. పని నేర్పిన పెద్దాయన చెప్పిన సూత్రం అదొక్కటే. స్టూడియోలో అందరూ ‘కత్తెర’ అంటే లోలోపల మురిసిపోయేవాడు కూడా.

నల్లపట్టీలంటే అత్తగారికి మరీ గిట్టదు. “ఇంత టీవీ కొని తలుపు సందులోంచి చూసినట్టు చూడ్డమేంటి, అల్లుడుగారూ?” అనేది.

మామగారు పోయిన ఏడాదికి ఆవిడ ఒక పాత సినిమా క్యాసెట్ తెమ్మంది. వయసులో ఉండగా ఆయన అందులో పోస్ట్‌మాన్ వేషం వేశారట. ఒక్క మాటా లేదు. నాయిక ఉత్తరం చదువుతుంటే పక్కన నిలబడతారు, అంతే. ఇంట్లో ఫోటోలున్నాయి గానీ, ఆయన కదిలే బొమ్మ లోకంలో అదొక్కటే.

“ఇది నేను చేసిందే!” అని గొప్పగా చెప్పి మరీ క్యాసెట్ పెట్టాడు అల్లుడు.

నాయిక ఉత్తరం చదివింది. తెర నిండా ఆమె ముఖమే. ఎడమవైపు ఒక ఖాకీ మోచేయి కనిపించి మాయమైంది.

“మీ మామగారేరీ?”

వెనక్కి తిప్పాడు. మళ్లీ మోచేయే. అల్లుడు క్యాసెట్ పాడైందని అబద్ధమాడదామనుకున్నాడు గానీ నోరు రాలేదు.

“నేనే తీసేశాను, అత్తయ్యగారూ. ఎవరో పోస్ట్‌మాన్, మాట్లాడ్డం లేదు కదా అని.”

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు స్టూడియో బీరువాలన్నీ గాలించి, పక్కలు తియ్యని కాపీ పట్టుకొచ్చాడు. నల్లపట్టీల మధ్య బొమ్మ జానెడు. నాయిక చదువుతోంది. పక్కనే భుజాన సంచితో, తల కాస్త వంచి, పాతికేళ్ల మామగారు.

అత్తగారు టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. పట్టీల ఊసే ఎత్తలేదు. కన్నీళ్లు కారుతుండగానే నవ్వింది.

“ఎలా వింటున్నారో చూశారా! నలభై ఏళ్లు నా వాగుడంతా ఇలాగే విన్నారండీ. ఇప్పుడు నేనెవరికి చెప్పుకోను?”

అల్లుడు బొమ్మను అక్కడే ఆపి, కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాడు.

“నాకు చెప్పండి, అత్తయ్యగారూ,” అన్నాడు.