ఖాళీగా పంపని గిన్నె

ఇటలీలో ఒక కొండమీద, పాత కోటగోడల మధ్య ఉండే ఊళ్లో రెండేళ్లున్నాను. ఒక తెలుగు జంట తమ బిడ్డను చూసుకోవడానికి నన్ను తీసుకెళ్లారు. తిరిగొచ్చాక అమీర్‌పేటలో బట్టల షాపులో పని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండటం. ఆదివారాలు పంజాగుట్టలో కథలు రాయడం నేర్పే క్లాసుకు వెళ్లాను. మేం రాసినవన్నీ పుస్తకంగా వేస్తామన్నారు. నా పేరు అచ్చులో చూసుకోవాలని ఎంత ఆశో.

నేను రాసింది మా పై అంతస్తు ముసలావిడ గురించి. మెట్లు దిగలేక ఆవిడ కిటికీలోంచి తాడుతో బుట్ట దించితే, కింద కొట్టతను రొట్టె వేసేవాడు. ఒకరోజు ఆ బుట్ట నా కిటికీ దగ్గర ఆగింది. లోపల గిన్నెడు సూపు. మరి గిన్నె ఖాళీగా తిరిగి పంపుతామా? పులిహోర పెట్టాను. మర్నాడు మళ్లీ సూపు. మళ్లీ నేను ఉప్మా. నెల తర్వాత ఆవిడ బిడ్డ తల్లితో మొరపెట్టుకుందట, తన వంట నచ్చకే ఈ పిల్ల బదులుగా వేరే తిండి పంపుతోందని. అది తెలిశాక కూడా ఇద్దరం మానలేదు. నేను వచ్చేసే రోజు గిన్నె పట్టుకుని నిలబడితే బుట్ట దిగలేదు. పైనుంచి చెయ్యి ఊపింది, ఉంచుకోమని.

మా సారు అదంతా కొట్టేశాడు. నేను చర్చి గంట గోపురమెక్కి, వైన్ తాగుతూ, గిటారు అబ్బాయిని చూసి కరిగిపోయినట్టు రాశాడు.

“ఏంటమ్మా, ఇటలీ వెళ్లొచ్చి పులిహోర గురించి రాస్తారా ఎవరైనా?”

“నేను ఆ గోపురం ఎక్కనే లేదు సార్. బిడ్డ బండి మెట్లెక్కదు.”

“ఊహించి రాయాలమ్మా.”

“ఊహ మీదైతే పేరు నాదెందుకు సార్?”

“ఇలా అయితేనే పుస్తకంలో ఉంటుంది. నీ ఇష్టం.”

హాస్టల్‌కొచ్చి రూమ్మేట్‌కు చెప్పాను.

“పోనీ తియ్. పేరైతే వస్తది గదా.”

అది విని ఇంకా మండింది. ఆ గిటారు వాడితో తిరిగే పిల్లకు నా పేరా? ఆ ముసలావిడ అన్నాళ్లు బుట్ట దించింది ఇందుకా? అప్పుడే సారుకు ఫోన్ చేశాను.

“నాది తీసెయ్యండి సార్.”

రూమ్మేట్ ఇంటినుంచి తెచ్చుకున్న సకినాలు తీసి, నా ఇటలీ గిన్నె నిండా పోసింది.

“జర చల్లబడు. నాకు చెప్పరాదు, ఆ ముసలామె ఇంకేమేం పంపింది?”

కోపంగానే మొదలుపెట్టాను, మొదటి సూపు దగ్గర్నుంచి.