మూడో లైనులో ఆగే బండ్లు

“ఇవాళ్టి నుంచి నా లైన్లోకి రావద్దు మామ్మా. ఇంకెక్కడైనా అమ్ముకో.”

“లైను నీ తాతదా ఏంటే, రావద్దనడానికి?”

“తాతదైతే నీకే వదిలేద్దును. ఇది నా ఉద్యోగం. ఆ అరటిగెలల వ్యాను రోజూ నా మూడో లైన్లోనే ఆగిపోతోంది. దాని వెనక ఇరవై బండ్లు హారన్లు కొడుతున్నాయి. సూపర్‌వైజర్ గారు ఆ లెక్కంతా నా పేరు పక్కన రాసేసుకుంటున్నారు.”

“వాడు నా వల్ల ఆగుతున్నాడా? వాడి స్టిక్కరు మీ మిషనుకి అందడం లేదు, ఆగుతున్నాడు.”

“అందదని నీకు నెల్లాళ్ల నుంచీ తెలుసా, లేదా? అది చెప్పు ముందు.”

“తెలుసు. అయితే?”

“అయితే వాడికో మాట చెప్పొచ్చుగా!”

“చెబితే రేపటి నుంచి ఆగడు. ఆగనివాడు కాయలు కొంటాడా? నీకు బుద్ధుందా?”

టోల్‌గేటు పక్కన, సిమెంటు దిమ్మ మీద కూర్చుని నేనూ నా మనవరాలూ ఇలా పోట్లాడుకున్నప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. అది అన్నం క్యారేజీ మూత కూడా తియ్యలేదు. దాని ఒడిలో చేతిమిషను ఉంది. నా పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయల గంప ఉంది. పాత క్యాలెండరు కాగితాలు చింపి పొట్లాలు చుట్టుకుంటూనే దాన్ని తిట్టాను. చేతులు ఖాళీగా పెట్టుకుని తిట్టడం నాకు అలవాటు లేదు.

అది నా కొడుకు కూతురు. తల్లి దాని నాలుగో ఏట పోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని సామర్లకోట వైపు ఉండిపోయాడు. నేనే పెంచాను. ఇంటర్ దాకా చదివించాను. ఆ తర్వాత ఆర్నెల్లు రొయ్యల షెడ్డుకి పంపాను. తెల్లారకముందే వ్యాను ఎక్కడం, సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి, గోళ్లు నల్లబడ్డాయి. కంచంలో అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. టోల్‌గేటులో మనుషులు కావాలంటే నేనే వెళ్లి సూపర్‌వైజర్ గారి కాళ్లావేళ్లా పడి చేర్పించాను. అప్పటికి ఆ గేటు దగ్గర నేను కాయలు అమ్మడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

మొదట్లో అన్ని బండ్లూ ఆగేవి. చిల్లర ఇచ్చి, రసీదు పుచ్చుకుని, ఈలోపు నా దగ్గర ఓ పొట్లం కొనుక్కుని పోయేవారు. తర్వాత అద్దాల మీదకి ఆ ఫాస్టాగ్ స్టిక్కర్లు వచ్చాయి. లైను మీద ఎత్తుగా బిగించిన పెట్టె బండి అద్దానికున్న స్టిక్కరుని దూరం నుంచే చదువుతుంది. మధ్యలో తీగ ఉండదు, మనిషి ఉండడు. చదివితే అడ్డకర్ర లేస్తుంది, బండి పోతుంది. చదవకపోతే బండి ఆగుతుంది. అప్పుడు నా మనవరాలు చేతిమిషను పట్టుకుని అద్దం దగ్గరికెళ్లి గురిపెట్టి చదివిస్తుంది. ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే నా బేరం. కాబట్టి పెట్టె చదవలేని బండే నాకు బండి.

మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఆ పెట్టె ఎలా చదువుతుందో నాకు తెలియదు. దేన్ని చదవలేదో మాత్రం ఎండలో నుంచుని నేర్చుకున్నాను. అద్దం పైభాగాన నల్ల ఫిల్ము అంటించి దాని కింద స్టిక్కరు పెడితే చదవదు. పాత అద్దం మీంచి పీకి కొత్త అద్దానికి గమ్ముతో అంటిస్తే చదవదు. అంటించకుండా జేబులో పెట్టుకుని గేటు దగ్గర చేత్తో ఊపేవాళ్లది ఒక్కోసారి చదువుతుంది, ఒక్కోసారి చదవదు. ఇంకొకటుంది. బండి పూజ చేయించుకుని, అద్దానికి సరిగ్గా నడిమధ్యన, స్టిక్కరు వెనకాలే దేవుడి రేకుబొమ్మ వేలాడదీస్తారు. స్టిక్కరుకి రేకు ఆనుకుని ఉంటే ఆ పెట్టెకి ఏమీ కనపడదు. రావులపాలెం నుంచి తుని వైపు గెలలు వేసుకెళ్లే ఆ వ్యానుకున్న రోగం అదే. రోజూ ఆగేవాడు, రోజూ రెండు పొట్లాలు కొనేవాడు. నేను నోరు విప్పలేదు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, గేటుకి అర కిలోమీటరు అవతల రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఇనప కమాను లేపారు. దాని నిండా కెమెరాలు, పెట్టెలు. ఇకమీదట గేట్లు ఉండవు, బండ్లు పరుగుమీదే కమాను కింద నుంచి పోతాయి, చదవడమంతా అక్కడే అయిపోతుంది అన్నారు. మరి ఇంతమంది మనుషులెందుకు? నలుగురిని ఉంచుతారట. ఏ లైను ఆగకుండా నడుస్తుందో చూసి ఆ నలుగురిని ఏరతామని సూపర్‌వైజర్ గారు అందరినీ నుంచోబెట్టి చెప్పారు. పెద్దాఫీసు నుంచి ఇద్దరు ఆ రోజు నాలుగింటికి వస్తున్నారు. మర్నాడు పొద్దున్నే పేర్లు.

అందుకే ఆ పోట్లాట.

“అయితే నన్నేం చెయ్యమంటావే?” అన్నాను.

“ఏమీ చెయ్యొద్దు. గంప తీసుకుని ఇంటికెళ్లిపో. నువ్వు కనపడితే చాలు, సరిగ్గా పోయే బండివాడు కూడా పొట్లం కోసం బ్రేకు తొక్కుతున్నాడు.”

“ఇన్ని కాయలు ఉడకబెట్టాను. పారబోయమంటావా?”

“పోనీలే మామ్మా, ఇక్కడే ఉండు. నన్ను మళ్లీ రొయ్యలకి పంపుదువుగాని.”

ఆ మాట గట్టిగా అనలేదు. ఏడవనూ లేదు. ఏడవని పిల్లగా నేనే పెంచాను. క్యారేజీ అలాగే పక్కనపెట్టి లైన్లోకి వెళ్లిపోయింది.

చుట్టిన పొట్లాలు గంపలో సర్దాను. తర్వాత గంప నెత్తిన పెట్టుకుని ఇంటివైపు కాకుండా, బండ్లొచ్చే వైపు నడిచాను. లైన్లు విడిపోయే చోట, బండ్లు నెమ్మదించే చోట నుంచున్నాను. గంప గుడ్డ తియ్యలేదు.

ముందు వచ్చింది అరటిగెలల వ్యానే. చెయ్యెత్తి ఆపాను.

“ఏంటండి మామ్మగారూ, ఇక్కడికొచ్చేశారు? రెండు పొట్లాలు ఇవ్వండి.”

“పొట్లాల సంగతి తర్వాత. ఆ రేకుబొమ్మ పక్కకి జరుపు.”

“దేవుణ్ణి జరపమంటారేంటండి బాబూ!”

“నీ దేవుణ్ణి కాలవలో పడెయ్యమనలేదు. ఒక జానెడు ఎడంవైపుకి కట్టుకోమన్నాను. ఆయన ఆనుకుని ఉండబట్టే నీ స్టిక్కరు ఆ పెట్టెకి కనపడటం లేదు.”

“అదా సంగతి! నెల్లాళ్ల నుంచి బ్యాంకు వాళ్లని తిట్టుకుంటున్నానండి. మీకెప్పుడు తెలిసింది?”

“ఇప్పుడే” అన్నాను. అబద్ధం.

వాడు బొమ్మ జరుపుకున్నాడు. మూడో లైన్లోకి పోనిచ్చాడు. కర్ర లేచింది. వాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుకుంటూ పోయాడు. పొట్లాలు తీసుకోవడం మర్చిపోయాడు.

అది మొదలు, సాయంత్రం దాకా అదే పని. బండి దూరంగా వస్తుండగానే అద్దం చూసేదాన్ని. సరిగ్గా ఉంటే మూడో లైనుకి పొమ్మని చెయ్యి చూపించేదాన్ని. జేబులోంచి తీసేవాళ్లతో అద్దానికి ఆనించి పట్టుకోమనేదాన్ని. కొత్త కారు అబ్బాయి ఒకడు వంకరగా అంటిన స్టిక్కరు పీకబోతే, “పీకావంటే చిరుగుతుంది, చిరిగితే ఇక పనికిరాదు, ముట్టుకోకు” అని కసిరాను. వాచ్‌మన్ వచ్చి, “బండి గుద్దితే నా మెడకి చుట్టుకుంటుందండి, పక్కకి రండి” అని రెండుసార్లు కేకలేశాడు. నేను వినలేదు.

పక్కన జామకాయలు అమ్మే ఆవిడ చూసి చూసి, “ఏంటొదినా, నీ పొట్ట నువ్వే కొట్టుకుంటున్నావ్? నీది సరే, మా పొట్టలు కూడానా?” అంది.

“నోరు మూసుకుని నీ కాయలు కోసుకో” అన్నాను. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

ఇక నల్ల ఫిల్మువీ, గమ్ముతో అంటించినవీ ఉన్నాయి. అక్కడికక్కడ బాగుచేసేవి కావు అవి. వాటినేం చెయ్యాలి? నాలుగో లైనుకి పంపాను. నాలుగో లైన్లో చేతిమిషను పట్టుకుని నుంచునే అమ్మాయి ఇద్దరు పిల్లల తల్లి. మా వెనక వీధే. మొగుడు మంచాన ఉన్నాడు. అది నాకు తెలుసు. తెలిసే పంపాను. ఒకటి కాదు, ఆ సాయంత్రం చదవని బండ్లన్నీ దాని లైన్లోకే తోలాను.

నాలుగింటికి పెద్దాఫీసు వాళ్లు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, మెళ్లో కార్డులు. గేటు దగ్గర గొడుగు కింద నుంచుని చూశారు. మూడో లైన్లో కర్ర లేస్తూ దిగుతూ ఉంది, నా మనవరాలికి చేతిమిషను ఎత్తే పనే పడలేదు. నాలుగో లైన్లో లారీ వెనక లారీ ఇరుక్కుపోయింది. ఆ అమ్మాయి పరుగులు పెడుతోంది, డ్రైవర్లు బూతులు తిడుతున్నారు. ఇస్త్రీ చొక్కాల్లో ఒకడు దాని దగ్గరికెళ్లి ఏదో అన్నాడు. నేనున్న చోటికి మాట వినపడలేదు. అది తల వంచుకోవడం కనపడింది.

చీకటి పడే వేళకి సూపర్‌వైజర్ గారు వచ్చి, “మీ పిల్ల లైను ఇవాళ బ్రహ్మాండంగా నడిచిందండి మామ్మగారూ” అన్నారు. ఆయనకి నేనేం చేశానో తెలుసు. తెలియనట్టే అన్నారు.

ఒక్క పొట్లం కూడా అమ్మలేదు. ఉడికిన కాయలు మర్నాటికి బంకగా అయిపోతాయి. ఆ పూట బియ్యం పొయ్యి మీద పెట్టలేదు, ఇద్దరం కాయలే తిన్నాం. మనవరాలు, “అంతదూరంలో నుంచుని ఏం చేశావ్ మామ్మా?” అని అడిగింది. “నీ లైన్లోకి రావద్దన్నావుగా, రాలేదు” అన్నాను. నాలుగో లైను సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు. ముద్దు చేసే అలవాటు మా ఇద్దరికీ లేదు గానీ, ఆ రాత్రి అది తన దుప్పటి తెచ్చుకుని నా చాప పక్కనే పడుకుంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఇద్దరం వెళ్లాం. లైన్లన్నిటికీ అడ్డంగా ఎర్ర డ్రమ్ములు పెట్టి, బండ్లని పక్కన వేసిన కొత్త రోడ్డు మీంచి కమాను కిందకి తిప్పేశారు. ఆఫీసు తలుపు మీద కాగితం అంటించి ఉంది. నాలుగు పేర్లు. నలుగురూ మగవాళ్లు, ఇనప కమాను కట్టడానికి వచ్చిన కంపెనీ మనుషులు. కాగితం కింద వేసిన తేదీ పోయిన వారానిది. సూపర్‌వైజర్ గారి పేరు కూడా అందులో లేదు. ఆయనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి దగ్గరా చేతిమిషనూ కార్డూ వెనక్కి తీసుకుని సంతకాలు పెట్టిస్తున్నారు. నా మనవరాలు వరసలో నుంచుంది. దాని ముందు నాలుగో లైను అమ్మాయి నుంచుంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, “రొయ్యల షెడ్డు మేస్త్రీ నంబరు నీ దగ్గరుందా?” అని అడిగింది. ఇది ఫోనులో వెతికి ఇచ్చింది. అక్కడి నుంచే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. మేస్త్రీ సోమవారం రమ్మన్నాడు.

మా ఊరు రోడ్డుకి అవతల. ముగ్గురం అంచున నుంచున్నాం. బండ్లు ఆగకుండా పోతూనే ఉన్నాయి. దాటడానికి చాలాసేపు పట్టింది.