వదిన వదలని నంబరు

పోయిన ఆదివారం మన చర్చిలో ఆరాధన ముగించి ఇంకా చెప్పులైనా వేసుకోలేదు, అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన పోయిందిరా" అన్నాడు. వంటింట్లోనే గుండె ఆగిపోయిందట.

సమాధి దగ్గర ఒకాయన ఆమెను శాంతమూర్తి అన్నాడు. నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి. మా వదిన గొడవ మనిషి. దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోసిన ప్రభువును నమ్ముకున్న మనిషి మెత్తగా ఎందుకుంటుంది?

బూర్గంపాడు వైపు ఒక దవాఖానాలో ఆమె ఆఫీసు మేనేజరు. పొద్దున నేను వార్డులో ప్రార్థనకు వెళ్లేసరికి ఆమె టీ చల్లారిపోయి ఉండేది. ఫోన్ మాత్రం రెండోసారి మోగనిచ్చేది కాదు. "అవతలోళ్లు పిలుస్తుండ్రు తమ్మీ. టీ ఏమన్న పిలుస్తదా?" అనేది.

ఆ మధ్య దవాఖానా వాళ్లు తీగల ఫోన్లు తీసేసి, ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ కాలింగ్ పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ ప్లానులో ఇచ్చే నంబర్లు దవాఖానాలో ఉన్న లైన్లకు చాలవు. ఏవో కొన్ని వదులుకోవాలి. అందరి కళ్లూ కాన్పుల గది పాత నంబరు మీద పడ్డాయి. అడవి గూడేల వాళ్లకు తెలిసింది అదొక్కటే. నొప్పులు మొదలైతే బండి కోసం దానికే చేస్తారు.

వార్డుల్లో ప్రార్థన చేసేవాణ్ని కనుక మీటింగుకు నన్నూ పిలిచారు. పెద్ద డాక్టరు అడిగాడు: "ఆ లైనుకు ఫోన్లే వస్తలేవు కదమ్మా?"

"రాలేదంటే ఎవరికీ ఆపద లేదన్నట్టు. సంతోషపడాలె సారూ" అంది వదిన.

"మరి ఏది తీసేద్దాం?"

"మొదాలు నాది తీసేయుర్రి. తర్వాత మీది. మెయిన్ నంబరుకు చేసి లోపలి నంబరు నొక్కితే మీ గదిల మోగుతది. లోపలి నంబర్లకు లెక్క లేదు, కంపెనీ పిలగాడే చెప్పిండు."

"నా కార్డు మీద నా నంబరుంది!"

"కార్డు మళ్ల అచ్చేయిస్త. గూడెపోళ్ల తలకాయలల్ల మళ్ల అచ్చేసుడు నాతోని కాదు."

ఇదే సందని ప్రార్థన కోసం నాకూ ఒక నంబరు కావాలన్నాను. వదిన నావైపు తిరిగింది. "నీకెందుకు తమ్మీ ఫోను? నువ్వు నోరు తెరిస్తే గోదారి అవతలికి వినపడ్తది." డాక్టరుతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఆయన "సరే, మీ ఇష్టం" అన్నాడు.

అంతటితో ఆమె ఊరుకోలేదు. నంబరు కొత్త పద్ధతిలోకి మారకముందే పాత లైను రద్దయితే అది ఇక దవాఖానా చేతికి రాదు. "కొత్తదాంట్ల మోగిందాంక పాతదాన్ని ముట్టుకుంటే ఊకోను" అని వైరు పెట్టె ముందే కుర్చీ వేసుకుంది. "తట్టుండ్రి, తెరుస్తం అని చెప్పి తలుపే పీకేస్తమా?" అనేది. ఎన్నో ప్రసంగాలు చేశాను గానీ ఆ మాటకు సాటి వచ్చేది నా నోట రాలేదు.

ఆ రోజు సమాధి దగ్గరే ఆఫీసు మనిషి ఒకడు నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, కారేపల్లిల కొత్త క్లినిక్ పెడ్తున్నరు. నంబర్లు మళ్ల చాల్తలేవు. ఆ పాతది ఇగ తీసేస్తరేమో."

"వదిన పోయింది. నంబరు పోలే. ఎవలు తీస్తరో నా ముందట తియ్యమను" అన్నాను.

యెరికో దారి పక్కన గుడ్డివాడు కేక వేస్తే జనం నోరు మూసుకోమన్నారు. ప్రభువు మాత్రం ఆగి విన్నాడు. ఆ జనంలో మనం ఉండొద్దు. రెండు రోజులు ఆగి వెళ్లి పెద్ద డాక్టరు గదిలో కూర్చున్నాను. ఆయన నా మాట విని, "క్లినిక్‌కు లోపలి నంబరే ఇద్దాం" అన్నాడు.

నిన్న వాక్యం చెప్పడానికి ఒక గూడెం వెళ్లాను. ఒకామె ఇంటి గోడకు సున్నం వేస్తోంది. తలుపు పక్కన బొగ్గుతో రాసిన కాన్పుల గది నంబరు దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించింది. ఆ అంకెల చుట్టూ కుంచె తిప్పుకుంటూ ముందుకు పోయింది. తెల్లని గోడ మీద ఆ మట్టిరంగు ముక్క ఒక్కటే సున్నం పడకుండా మిగిలింది.