మల్లయ్య కాక నిద్ర, మా బాపు ఇటలీ బండి

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో, మా క్వార్టర్ల లైన్‌లో పగటిపూట గట్టిగా తుమ్మడం కూడా తప్పే... గోడ అవతల మల్లయ్య కాక పడుకుని ఉండేవాడు మరి.

కాక బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. ఎప్పుడూ నైట్ షిఫ్టే. పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని పడుకుంటే సాయంత్రం దాకా లేవడు. గని సైరన్ చెవి దగ్గర కూసినా కదలడు... పక్కింట్లో చెంచా కింద పడితే మాత్రం లేచి కూర్చుంటాడు.

అలాంటి మనిషి పక్కింట్లోకి మా బాపు ఒక మోటారు సైకిల్ తెచ్చాడు. నడుపుకుంటూ కాదు... గోనెసంచుల్లో, ఎడ్లబండి మీద.

అది ఇటలీ బండి. రామగుండంలో కరెంటు మిషన్లు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీరు ఒకాయన, వెళ్ళిపోతూ వదిలేసిందట. చేతులు మారి మారి పాత ఇనుప సామాను కొట్టుకు చేరింది. దాని ఎర్ర ట్యాంకు చూసి బాపు మనసు పారేసుకున్నాడు. మిగతా భాగాలు కూడా చూసి ఉంటే కొనేవాడు కాదు.

అమ్మ సంచుల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంది, బండి అంటివి... ఇవి బండి బొక్కలు, బొమికలు గద?"

"అన్ని కలిపితె బండే."

"కలుపుకో. గానీ ఒక్క మాట. మల్లయ్య బావ నిద్ర చెడిందో... ఇదంత మళ్ల ఇనుప సామాన్లోనికే పోతది."

అమ్మ ఉత్తినే అనలేదు. నిద్రలేని కళ్ళతో గని దిగితే ఏమవుతుందో మా లైన్‌లో ప్రతి ఇంటికీ తెలుసు. చిక్కేమిటంటే అప్పుడు గనిలో బాపుది సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఆయనకు ఖాళీ దొరికేది పొద్దున పూటే... కాక పడుకునేదీ అప్పుడే.

ఇక చూడాలి, ఆ రిపేరు. బాపు దోస్తు ఖాదర్ చాచా బస్టాండ్ దగ్గర మెకానిక్. ఆయన సుత్తికి, గనిలో అరిగిపోయి పారేసిన బెల్టు రబ్బరు చుట్టాడు. కింద మా అవ్వ బొంత పరిచాడు. కొడితే 'ఠంగ్' అనాల్సింది 'దప్' అనేది. చాచా గుసగుసలాడినా రెండిళ్ళ అవతలికి వినబడుతుంది. అందుకని ఆయన రాగానే అమ్మ పాన్ కట్టి ఇచ్చేది... నోరు నిండితే మాట తగ్గుతుందని.

ఇటలీ నుంచి సామాను ఎవరు పంపుతారు? హెడ్‌లైటు లారీది. చెయిన్ కవరు మా నూనె డబ్బాది. సీటు మళ్ళీ ఆ బెల్టు ముక్కే. రోజూ బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళం, ఈ రోజు బండికి ఏం మొలిచిందో చూద్దామని.

చివరికి అంతా బిగించారు... ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలి. దానికి బెల్టు రబ్బరు చుట్టలేం కదా. ఉపాయం చాచాదే. బాపు సెలవు రోజున, మధ్యాహ్నం సైరన్ కూస్తున్నప్పుడు కిక్కు కొట్టాలి. ఇంజన్ అందుకుందో లేదో చూసి, కూత ఆగేలోపు ఆపేయాలి. కాక సైరన్‌కి ఎలాగూ లేవడు.

ఆ రోజు మాకు అన్నం సయించలేదు. సైరన్ అందుకుంది. బాపు కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ మోతలో ఇంజన్ పలికిందో లేదో తెలిస్తే ఒట్టు... చాచా డాక్టరు నాడి చూసినట్టు ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, చెవి దగ్గరగా వంచాడు. కాసేపటికి ఆయన మీసం వణకడం మొదలైంది.

వెనక పొగ. బండి లేచింది. మేమంతా నోళ్ళు మూసుకుని గంతులేశాం.

బాపు ఆపమని సైగ చేశాడు. చాచా బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు... రంగు మారిపోయిన ముఖంతో బాపు వైపు చూశాడు. స్టార్ట్ చేయడం గురించి అంత ఆలోచించిన ఇద్దరూ, ఆపడానికి స్విచ్చు పెట్టడం మరిచిపోయారు.

సైరన్ ఆగిపోయింది.

లైన్ మొత్తంలో ఒకటే చప్పుడు మిగిలింది. డుగ్... డుగ్... డుగ్...

చాచా ప్లగ్గు వైరు పీకబోయాడు. షాక్ కొట్టి బొంత మీద కూలబడ్డాడు. పాన్ లోపలికి పోయింది, "యా అల్లా" బయటికొచ్చింది.

కాక తలుపు తెరుచుకుంది. లుంగీ, ఎర్రటి కళ్ళు.

"అన్నా, తప్పయింది. ఇప్పుడే ఆపుతం..." అన్నాడు బాపు.

"ఆపకు. ఆపితె మళ్ల లేస్తదో లేదో" అన్నాడు కాక.

"నీ నిద్ర చెడగొడితిమి గదనే."

"ఇయ్యాల చెడుడేంది? నువ్వు సంచులు దించిన కాడి నుంచి నాకు నిద్రెక్కడిది? సప్పుడు చేస్తె, పని నడుస్తుందని పండుకుందును. మీరేమో దొంగల లెక్క చేస్తిరి... ఎంతదాక వచ్చిందోనని నా కన్ను కిటికీ కాడనే ఉండె."

అమ్మ ముందుకొచ్చింది. "అంటె నిద్ర చెడినట్టే గద, బావా. ఇనుప సామాన్లోన్ని పిలువాలె మరి."

"దీన్ని అమ్మితె అసలే పండుకోను మరదలా, చెప్తున్న" అంటూ కాక బండి దగ్గరికొచ్చి, సీటు తట్టి చూశాడు. "ఇది మా బొగ్గుబాయిల బెల్టే గద."

బాపు బండెక్కితే, కాక లుంగీతోనే వెనక కూర్చున్నాడు. ఆపే స్విచ్చు లేక బాపు కమాన్‌పూర్ రోడ్డు మీద పెట్రోలు అయిపోయేదాకా పోనిచ్చాడట. సాయంత్రం ఇద్దరూ తోసుకుంటూ వచ్చారు. బండి కంటే ముందు వాళ్ళ నవ్వు వినబడింది.

మర్నాడు చాచా రబ్బరు తీసేసిన సుత్తితోనే స్విచ్చు బిగించాడు... ఠంగ్, ఠంగ్ అని. గోడ అవతల కాక గురక ఆగలేదు.

ఇప్పుడు మా వీధిలో ఇంటికి రెండు బండ్లు. బటన్ నొక్కితే లేస్తాయి, నొక్కితే ఆగుతాయి. పక్కింటాయన ఏ షిఫ్టో మాత్రం నాకు తెలియదు... నేనెప్పుడు పడుకుంటానో ఆయనకీ తెలియదు.

మీ గోడ అవతలి మనిషి ఎప్పుడు పడుకుంటాడో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి... కాస్త మెల్లగా.