పెద్ద గేటు

ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే నాకు హిందీ మాట్లాడే ఒక ఊళ్ళో, నెహ్రూ నగర్‌లో ఒక గోడ గుర్తొస్తుంది.

ఆ రోజు మా బస్సు అక్కడే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, పక్క సీటులో పెద్దావిడ "మీదే వూరు బాబూ?" అని మాట కలిపింది. ఆవిడది శ్రీకాకుళం వైపు. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. కాపురమంతా అద్దె గదుల్లోనే గడిచిందట.

"అదిగో, అక్కడే మా ఇల్లు," అని ఒక టవర్ చూపించింది. నేను బాల్కనీలు చూస్తుంటే, "అది కాదు, దానెనక. ఇక్కడికి అవుపడదు," అంది.

పేదలకి నాలుగు చిన్న ఇళ్ళు కడితే బిల్డరుకి తన టవర్‌పైన అదనపు అంతస్తులకి ప్రభుత్వం పర్మిషన్ ఇస్తుంది. ఆ చిన్న ఇళ్ళలో ఒకటి లాటరీలో వీళ్ళకి వచ్చింది.

"మా పేరు చెప్పే కదా బాబూ, అంతెత్తు కట్టీసుకున్నాడు? గృహప్రవేశం నాడు దేవుడి పటం ఎత్తుకుని పెద్ద గేటు కాడికి ఎల్తే, వాచ్‌మన్ 'పీఛే సే జాయియే, మాజీ' అన్నాడు, ఎనకనించి ఎల్లమ్మా అని. గోడ చుట్టూ, మురుగు నాలా పక్కనించి తిరిగొచ్చేసరికి ముహూర్తం దాటిపోనాది."

"మరి పాలు పొంగించారా?"

"పొంగించక ఏటి చేస్తాం? ఇంకెక్కడికి ఎల్తాం?"

బస్సు ఎంతకీ కదలకపోయేసరికి ఆవిడ అక్కడే దిగిపోయింది. పెద్ద గేటు బార్లా తెరిచి ఉంది, ఒక కారు లోపలికి వెళ్తోంది. ఆవిడ అటు చూడలేదు. గోడకి చెయ్యి ఆనించి నడక మొదలెట్టింది.

చివరికి మా బస్సు కదిలి ఆవిణ్ణి దాటింది. అప్పటికీ ఆ గోడ అయిపోలేదు.