నల్లా కింద పదిహేను నిమిషాలు

మా పాత కాలేజీ ల్యాబ్ అటెండర్ మొన్న మంగళవారం పోయాడు. రిటైరైన స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కబురు చూశాను. మొదటి సంతాపం మా కరస్పాండెంట్‌ది: "గొప్ప మనిషి. మా కుటుంబ సభ్యుడు." తాను గెంటేసిన మనిషిని చచ్చాక కుటుంబంలో చేర్చుకోవడానికి ఖర్చేమీ కాదు. కింద ఇరవై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాదర్‌గుల్‌లో ఆయన ఇంటి దాకా వెళ్లి శవాన్ని చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. నేను వెళ్లాను. గొప్పకు చెప్పడం లేదు. ఎందుకు వెళ్లానో చదివాక మీరే చెప్పండి, ఆ ఇరవై మందికీ నాకూ తేడా ఏమిటో.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపుల పైన మూడో అంతస్తులో ఉండేది మా ఇంటర్ కాలేజీ. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. ఏడాదంతా ల్యాబుకు తాళం. లోపల అడ్మిషన్ కరపత్రాల అట్టపెట్టెలు. ప్రాక్టికల్ పరీక్షలకు పదిహేను రోజుల ముందు పెట్టెలు బయటికి, పిల్లలు లోపలికి. రెండేళ్లలో పరీక్షనాళిక ముట్టుకోని పిల్లల చేతికి గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఇచ్చేవాళ్లం. ఆసిడ్ పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు లేవా అంటే ఉన్నాయి. ప్రాస్పెక్టస్‌లో ఫొటో కోసం కొన్నవి, కరస్పాండెంట్ బీరువాలో భద్రంగా ఉన్నాయి. "ఇన్‌స్పెక్షన్‌కి కొత్తగా కనపడాలండీ, పిల్లలకిస్తే గీతలు పడిపోవూ?" అనేవాడాయన.

ఆ పదిహేను రోజులూ ల్యాబుకు అటెండరే యముడు. పోచంపల్లి దిక్కు నేతవాళ్లు. చిన్నప్పుడు తండ్రితో నూలుకు రంగులద్దుతూ కాల్చుకున్న వేళ్లు ఆయనవి. చదివింది ఏడో తరగతి. పిల్లలకు ఆయనంటే అసహ్యం. వేలాడే చున్నీని వెనక్కి లాగి ముడేసేవాడు. మూత తీసి ముక్కు పెట్టినవాడి నెత్తిన ఒక్కటిచ్చి, "అత్తరనుకున్నవా బిడ్డా? చెయ్యితోని విసురుకో" అనేవాడు. "నీళ్లల్ల ఆసిడ్ పొయ్యి. ఆసిడ్ల నీళ్లు పోస్తే మొఖం మీద ఉమ్ముతది" అని రోజుకు నలభై సార్లు చెప్పేవాడు. సీసా తీసేముందు చీటీ చదవమనేవాడు, తీశాక మళ్లీ చదవమనేవాడు. నాక్కూడా అదే చెప్పేవాడు. ఎమ్మెస్సీ చదివి, మూడు భాషల పుస్తకాలు ఇంట్లో పేర్చుకున్న నాకు! నేను నవ్వేవాణ్ని.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఒక అమ్మాయి నైట్రేట్ పరీక్షకని ఆసిడ్ గబుక్కున పోసి, గోధుమరంగు వలయం వచ్చిందా అని నాళికలోకి తొంగి చూసింది. అది ఎగజిమ్మి ఎడమ కంట్లో పడింది.

ఆసిడ్‌కు విరుగుడు క్షారమని పుస్తకం చెప్పింది గదా. తినేసోడా ద్రావణం అనుకుని అరలోంచి ఒక సీసా లాక్కుని పరుగెత్తాను. అటెండర్ నా చేతిలోంచి దాన్ని గుంజుకుని, నన్ను బల్ల మీదికి తోసేశాడు. అమ్మాయి మెడ వంచి నల్లా కింద పెట్టి, రెండు వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకున్నాడు. ఆమె గింజుకుంటోంది, కేకలేస్తోంది. ఈయన బూతులు తిడుతూనే ఉన్నాడు, వదల్లేదు. కరస్పాండెంట్ వచ్చి, "ఏంటయ్యా ఈ గోల? ముందు ఆసుపత్రికి పంపించు!" అని అరిచాడు.

"పదిహేను నిమిషాలు కడగాలె సార్. అంబులెన్సుకు ఫోన్ గొట్టు, ఈడ నీ పనేం లేదు."

గోడ గడియారం చూస్తూ కడిగాడు. అమ్మాయిని అంబులెన్సులో తీసుకెళ్లాక నేను తెచ్చిన సీసా చీటీ చదివాను. కాస్టిక్ సోడా. ఆ కంట్లో నేను అది పోయబోయాను.

మర్నాడు కరస్పాండెంట్ ఒక కాగితం నా ముందు పెట్టాడు. అటెండర్ ఆసిడ్ సీసాను నిర్లక్ష్యంగా వదిలేశాడని, లెక్చరర్ వెంటనే అమ్మాయి కన్ను కడిగి కాపాడాడని అందులో ఉంది. "మీరు తెచ్చిన సీసా సంగతి నాకూ తెలుసు మాస్టారూ" అన్నాడు మెల్లగా. సంతకం చేశాను. కళ్లద్దాల బీరువా గురించి ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే అటెండర్‌ను తీసేశారు. ఆయన నా సీసా మాట ఎక్కడా ఎత్తలేదు. అది దయ అని నేననుకోను. చెప్పినా నమ్మేవాళ్లు లేరని ఆయనకు తెలుసు.

కొన్నేళ్లకు మా ఆవిడతో చీరల షాపుకు వెళ్తే, పరుపు మీద కూర్చుని చీరలు విప్పుతున్నది ఆయనే. మా ఆవిడకు ఓపిగ్గా పది చీరలు చూపించాడు. మేం లేచేటప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"పిల్ల కన్ను మంచిగున్నదా సార్?"

పక్కన ఆవిడ ఉంది. "ఏ పిల్ల?" అన్నాను.

"మీరు కడిగిన పిల్ల, సార్" అని చీర మడత పెట్టుకున్నాడు.

రెండు నెలల కింద దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో ఒకామె నా కాళ్లకు దండం పెట్టింది. "గుర్తుపట్టిన్రా సార్? మీరే కన్ను కడిగిన్రని కాలేజోళ్లు చెప్పిన్రు గద. ఎన్ని తిట్లు తిట్టిన్రు సార్! గా తిట్లకు భయపడే కన్ను తెరిచిన." రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఆయన పనిచేసే చీరల షాపు స్టేషన్ మెట్లు దిగితే రెండు నిమిషాల దూరం. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాను.

నాదర్‌గుల్‌లో ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. కాలేజీలో కలిసి పనిచేశానని భార్యకు చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

"గా పిల్ల కన్ను ఏమైందో మీకెరుకనా సార్? తెల్లారి దవాఖానకు పోతే కాలేజోళ్లు లోపలికి రానియ్యలే. కడిగింది సాలలేదేమో, ఇంకింత సేపు పట్టుకోవాల్సుండె అని మొన్నటిదాంక అదే రంది."

"బాగుందమ్మా. రెండు కళ్లూ బాగున్నాయి. నేను చూశాను."

ఎప్పుడు చూశానని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేది. ఆమె శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముఖం మీది బంతిపూలు పక్కకు జరిపి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఇంటున్నవా? మంచిగున్నదట."